అంగుళం మేస్త్రి కొలిచిన ఇళ్ళు

మా చిన్నమావయ్య చదువు అయిదో తరగతితో ఆగిపోయింది. నాటకాలు చదివే అలవాటు ఎలాగూ లేదు. నాటకశాలలో ముప్ఫై ఏళ్ళు పనిచేసినా చూసే అలవాటూ కాలేదు. తెర లేచేసరికి తన పని అయిపోయేది గనుక వెనక్కి వెళ్ళి, తలకిందులుగా పెట్టిన డబ్బా మీద కూర్చుని టీ తాగేవాడు. అయినా దేశమంతా పేరున్న ఒక నాటక రచయిత ఎక్కడ పుట్టారు, ఎక్కడ పెరిగారు, ఏ ఇంట్లో ఏ తలుపు ఎటు తెరుచుకునేది అని అడిగితే, రచయితగారి కన్నా తడుముకోకుండా చెప్పగలిగినవాడు మా మావయ్య ఒక్కడే.

ఆయన వడ్రంగి. మొదట్లో ఒక కలప అడితిలో తలుపులూ కిటికీలూ చేసేవాడు. అడితి మూతపడ్డాక, విరిగిన కుర్చీలు బాగుచెయ్యడానికి మనిషి కావాలంటే నాటకశాలకు వెళ్ళాడు. తరవాత కొన్నేళ్ళకు నన్నూ అక్కడే దుస్తులు కుట్టే పనిలో పెట్టించాడు. కాబట్టి నేను చెప్పబోయేదాంట్లో సగం నా కళ్ళతో చూసిందే. మిగతా సగం అత్తయ్య చెప్పింది. మావయ్య చెప్పింది తక్కువ. ఆయన నోరు విప్పాలంటే ముందు చెవి వెనక పెన్సిలు తీసి చేతిలో పట్టుకోవాలి. అది చేతిలో లేకపోతే మాట రాదు.

కుర్చీల పనిలో చేరిన ఏడాదే ఒక సంగతి జరిగింది. రచయితగారి రెండో నాటకం ఆడుతున్నారు. చివర్లో కొడుకు ఇల్లు వదిలి పోతూ తలుపు విసురుగా వేస్తాడు. అప్పట్లో గోడలంటే బద్దలకు బిగించిన రంగు గుడ్డలే. తలుపు వేసిన విసురుకు గోడ అటూ ఇటూ ఊగింది, గోడ మీదున్న గడియారం ఊగింది, ఏడవాల్సిన జనం పడీ పడీ నవ్వారు. రచయితగారు మొహం కందగడ్డ చేసుకుని తెర వెనక్కి వచ్చారు.

“ఈ గోడను ఊగకుండా నిలబెట్టే మొనగాడు ఇక్కడ ఒక్కడూ లేడా?”

అందరూ నేల చూపులు చూస్తున్నారు. కుర్చీ కాలికి మేకు కొడుతున్న మావయ్య తలెత్తకుండానే అన్నాడు.

“గోడ తప్పేం లేదండి. ద్వారబంధం నేలకు పట్టుకోలేదు. గుమ్మం గట్టిదైతే గుడ్డ గోడైనా ఊగదు.”

“నువ్వెవరివి?”

“కుర్చీలు చేస్తానండి.”

“రేపటినుంచి గుమ్మాలు చెయ్యి.”

అలా మొదలైంది. మర్నాటి ఆటకు మావయ్య నిజం తలుపు, నిజం గడప, ఇనుప బందులు పెట్టి గుమ్మం నిలబెట్టాడు. ఆ రాత్రి ఎవరూ నవ్వలేదట.

తరవాతి నాటకానికి రచయితగారు మావయ్యను పిలిపించుకున్నారు. ఇల్లు ఎలా ఉండాలో చెప్పమంటే రచయితగారికి చెప్పడం రాదు. మనుషుల చేత పేజీలకు పేజీలు మాట్లాడించే పెద్దమనిషి, గది ఎలా ఉంటుందంటే మాత్రం చేతులు గాల్లో తిప్పుతారు. చివరికి విసుగొచ్చి, “అదేనయ్యా, మా పిన్ని ఇల్లులా ఉండాలి” అన్నారు.

“పిన్నిగారి ఇల్లెక్కడండి?” అని అడిగాడు మావయ్య, పెన్సిలు తీసి.

రచయితగారు నవ్వారు. ఆయన పుట్టింది ఒక అచ్చాఫీసు వెనక రెండు గదుల్లో. తండ్రి అక్కడ అక్షరాలు కూర్చేవాడు. తొమ్మిదో ఏట తల్లి పోతే, పిన్ని వచ్చి తన ఇంటికి తీసుకెళ్ళి పెంచింది. ఆ ఇల్లు వదిలి అప్పటికి ఇరవై ఏళ్ళు దాటింది. పిన్ని పోయి కూడా చాలాకాలమైంది. “ఎవరుంటున్నారో, ఇల్లు ఉందో లేదో” అన్నారు.

మావయ్య ఆదివారం బస్సెక్కి వెళ్ళాడు. ఇల్లుంది. అందులో ఒక ముసలావిడ ఉంది. రైలు పెట్టెలాగా ఒకదాని వెనక ఒకటిగా నాలుగు గదులు. నడిమి గదిలో మంచం, మంచం నుంచి తొమ్మిదడుగులు నడిచి ఎడమకు తిరిగితే ఒక తలుపు, తలుపు దాటితే మూడు మెట్లు దిగి వంటిల్లు. ముసలావిడ ముందు ఇంటి పన్నువాళ్ళేమో అని దులిపేసిందట. సంగతి విన్నాక టేపు రెండో కొస తనే పట్టుకుని, “ఇదిగో, ఈ మూల కూడా రాసుకో నాయనా” అంటూ ఇల్లంతా తిప్పింది. మావయ్య గళ్ళ పుస్తకంలో అన్నీ రాసుకున్నాడు. తలుపు వెడల్పు ఇరవై ఏడంగుళాలు. గడియ నేల నుంచి నాలుగడుగుల రెండంగుళాలు. పై రెండు మెట్లూ ఏడేసి అంగుళాలు, మూడోది అయిదు.

రిహార్సలు రోజుకు నేను ఇంకా పనిలో చేరలేదు, కానీ ఈ కథ నాటకశాలలో అందరికీ కంఠతా వచ్చు. పిన్ని వేషం వేసినావిడ చేతిలో గిన్నెతో మెట్లు దిగుతూ, పొట్టి మెట్టు దగ్గర అడుగు తొందరగా తగిలి తూలింది. “అయ్యో” అంది. ఆ మాట నాటకంలో లేదు. ముందు వరసలో కూర్చున్న రచయితగారు లేచి బయటికి వెళ్ళిపోయారు. పావుగంట తరవాత కళ్ళు తుడుచుకుని వచ్చారు.

“ఆ మూడో మెట్టు పొట్టిదని నీకెవరు చెప్పారు, మేస్త్రీ?”

“టేపు చెప్పిందండి.”

“మా పిన్ని రోజూ అక్కడే తూలేది. రోజూ అయ్యో అనేది. నేనే మర్చిపోయాను.”

ఆ “అయ్యో” నాటకంలోకి ఎక్కింది. మావయ్యకు “అంగుళం మేస్త్రి” అని పేరు పడింది. ఒకళ్ళిద్దరు వెటకారానికే పెట్టారు గానీ, పోను పోను అదే ఆయన అసలు పేరైపోయింది.

ఇక రచయితగారికి కాళ్ళకు చక్రాలున్న జీవితం. చదువుకునే రోజుల్లో రైలు స్టేషను పక్క హాస్టలు. పెళ్ళయ్యాక ఒక సైకిళ్ళ షాపు పైన గది, అక్కడే కూతురు పుట్టింది. తరవాత నీటి సరఫరా ఆఫీసువాళ్ళ క్వార్టరు. ఆ తరవాత ఒక డాక్టరుగారింటి వెనక వాటా. వయసు మళ్ళాక గాని సొంత ఇల్లు లేదు. ఒక్కో నాటకం ఒక్కో ఇంట్లోంచి వచ్చేది. నాటకం రాయడం పూర్తయితే ముందు కబురు వచ్చేది మావయ్యకే. ఎక్కడి ఇల్లో చెప్పడమే ఆలస్యం, టేపు సంచీలో వేసుకుని బయలుదేరేవాడు.

అన్నిసార్లూ తలుపులు తీయలేదు. హాస్టల్లో కాపలావాడు లోపలికి రానివ్వకపోతే, మంచాలు బాగుచేస్తానని చెప్పి లోపలికి వెళ్ళాడు. చెప్పినందుకు నిజంగానే పదకొండు మంచాలు బాగుచేసి వచ్చాడు. క్వార్టర్లో ఉంటున్న ఇంజనీరుగారి భార్యకు మా మావయ్య ఎంత నచ్చాడంటే, కొలతలు అయ్యాక వాళ్ళ పాప ఉయ్యాలకు చిత్రిక పట్టించుకుని, భోజనం పెట్టి పంపింది.

సైకిళ్ళ షాపు పైగది దగ్గర మాత్రం పెద్ద గొడవే అయింది. నేను పనిలో చేరిన రెండో ఏడు అది. నాటకంలో మొగుడూ పెళ్ళాం వీధివైపు కిటికీలోంచి చూస్తూ మాట్లాడుకునే ఘట్టం ఉంది. మావయ్య వెళ్ళి కొలిచి వచ్చి, మంచం ఎదురుగా ఉన్న గోడకు కిటికీయే లేదన్నాడు.

“నాలుగేళ్ళు ఉన్నాను ఆ గదిలో. నాకు తెలీదా?” అన్నారు రచయితగారు.

“నేను గంటే ఉన్నానండి. కాని టేపుతో ఉన్నాను.”

“ఎవరో పూడ్చేసి ఉంటారు.”

“పూడిస్తే ఇటుక వరస తేడా తెలుస్తుందండి. అది కట్టినప్పటినుంచీ గోడే.”

రచయితగారికి ముక్కు మీదే కోపం. మావయ్య ఒకసారి కాదంటే కాదు. మేమంతా సూదులూ దారాలూ వదిలేసి వింటున్నాం. ఆఖరికి ఇద్దరూ కలిసే వెళ్ళారు. తిరిగొచ్చాక రచయితగారు కాగితాలు తీసుకుని కూర్చున్నారు. మావయ్యను అడిగితే మెల్లగా చెప్పాడు. ఆ గోడ ముందు రచయితగారు చాలాసేపు నిలబడ్డారట. తరవాత గోడ మీద ఒక పాత మేకు కన్నం తడిమి, “అద్దం. మా ఆవిడ ఇక్కడ అద్దం పెట్టింది. వెనక కిటికీ అందులో కనబడేది. మంచం మీద నుంచి వీధంతా చూసేవాళ్ళం” అన్నారట. ఆవిడ పోయి అప్పటికి ఆరేళ్ళు.

ఆ ఘట్టం మొత్తం తిరగరాశారు. మొగుడూ పెళ్ళాం అద్దంలో చూస్తూ మాట్లాడుకుంటారు. ఒకళ్ళ మొహం ఒకళ్ళకు నేరుగా కనబడదు. ఎందరో గొప్పగా రాసింది ఆ ఘట్టం గురించే. మావయ్య పేరు ఎవరూ రాయలేదు. ఆయనకూ ఆ ధ్యాస లేదు. అద్దం ఏ కోణంలో వంచితే ముందు వరసలవాళ్ళ బట్టతలలు అందులో పడవో అని మూడు రోజులు తంటాలు పడ్డాడు.

ఇంట్లో అత్తయ్య మాత్రం ఊరుకునేది కాదు. “ఆయనగారు కాపురమున్న కొంపలన్నీ కొలిచారు. మన అటక తలుపు ఏడాదిగా ఒంటి బందు మీద వేలాడుతోంది. నేనూ ఒక నాటకం రాయనా?” అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది. “రాయి, ఆదివారం వచ్చి కొలుస్తాను” అనేవాడు మావయ్య. ఆ అటక తలుపు మళ్ళీ ఏడాదికి బాగుపడింది.

కాలం గడిచింది. నాటకాల్లో గుమ్మాలు పోయి దీపాలు వచ్చాయి. రచయితగారు రాయడం తగ్గించి, తరవాత మానేశారు. మావయ్య అరవై రెండో ఏట పని విరమించాడు. ఒక చెవి సరిగా వినబడదు, మోకాళ్ళు నొప్పులు.

ఒకరోజు మధ్యాహ్నం రచయితగారి కూతురు నాటకశాలకు వచ్చింది. బళ్ళో లెక్కలు చెబుతుంది, నెమ్మదైన మనిషి. ఆ రోజు ఆమె కళ్ళ కింద నల్లగా పడి ఉంది. తండ్రి సొంత ఇంట్లో ఒంటరిగా ఉండలేకపోతే నాలుగో అంతస్తులో ఉన్న తన ఇంటికి తెచ్చుకుంది. ఆయనకు మతిమరుపు ముదిరింది. పాత ఫోటోలు చూపిస్తే మంచిదని డాక్టరు అన్నాడట. నాటకాల ఫోటోలు ఏమైనా ఉన్నాయా అని అడగడానికి వచ్చింది.

“పడుకుని లేస్తారు. నేరుగా వెళ్ళి గోడ తడుముతారు. గోడ కొడతారు. నేను పట్టుకుంటే నామీద కోపం. రెండుసార్లు పడ్డారు. చదునైన నేల మీద, ఏదో గోతిలోకి దిగినట్టు కాలు వేసి పడ్డారు” అంది. చెబుతూ చెబుతూ నా కుట్టుమిషను మీద తలపెట్టి ఏడ్చింది.

నా దగ్గర ఫోటోలు లేవు. ఆమెను మావయ్య ఇంటికి తీసుకెళ్ళాను. మావయ్య అంతా విని ఒక్కటే అడిగాడు.

“పడ్డప్పుడు ఏ కాలు ముందు వేశారమ్మా?”

“అదంతా నేనేం చూస్తాను, బాబాయ్ గారూ!”

“నేను చూస్తాను.”

మర్నాడు పొద్దున్నే వెళ్ళి, ఒక మూల కుర్చీ వేసుకుని సాయంత్రం దాకా కూర్చున్నాడు. నేనూ వెంట వెళ్ళాను. పెద్దాయన మంచం దిగడం, నడవడం, ఎడమకు తిరగడం, గోడకు కొట్టుకోవడం. మళ్ళీ వచ్చి పడుకోవడం. మావయ్య పుస్తకంలో గీతలు గీస్తున్నాడు. మధ్యాహ్నానికి లేచి, మంచం కాలి నుంచి ఆయన ఎడమకు తిరిగే చోటి దాకా టేపు పరిచాడు. తొమ్మిదడుగులు. ఇంటి నుంచి తెచ్చుకున్న పాత గళ్ళ పుస్తకం తెరిచి చూసుకున్నాడు.

“అమ్మాయ్, మీ నాన్నగారు దారి తప్పి తిరగడం లేదు. దారి ప్రకారమే తిరుగుతున్నారు. ఇల్లే వేరేది” అన్నాడు కూతురితో. “ఇది వాళ్ళ పిన్నిగారి ఇల్లు. లేచి వంటింట్లోకి వెళ్తున్నారు.”

ఆ పిన్నిని ఆమె చూసి కూడా ఎరగదు.

మావయ్యకు స్టేజీ మీద ఎత్తు బల్లలు వెయ్యడం చేతికొచ్చిన పని. పదిరోజుల్లో ఆ గది నేల మొత్తం పదకొండు అంగుళాలు లేపాడు. గది ద్వారం మంచానికి తొమ్మిదడుగుల దూరంలో, ఎడమ చేతికి వచ్చేటట్టు మంచం తిప్పాడు. ద్వారానికి పాత చెక్కతో తలుపు బిగించాడు. బయట మూడు మెట్లు, రెండు వైపులా పట్టుకోవడానికి నున్నటి కర్రలు. ముసలి కాళ్ళకని పై రెండు మెట్లూ నాలుగేసి అంగుళాలకు తగ్గించాడు గానీ, మూడోది మూడే పెట్టాడు. మెట్లు దిగితే ఎదురుగా ఆ ఇంటి వంటగదే.

“ఇది నాన్నను మోసం చెయ్యడం కాదా?” అని అడిగింది కూతురు.

“ఆయన చెయ్యి పెట్టేచోట గడియ ఉండాలమ్మా. అంతకన్నా నాకు తెలీదు” అన్నాడు మావయ్య.

అంతా అయ్యాక పెద్దాయన లేచారు. నడిచారు, ఎడమకు తిరిగారు, తలుపు ముందు ఆగారు. ఆయన చెయ్యి గడియ మీద పడలేదు. ఎక్కడో పైన, నుదుటికి బెత్తెడు ఎత్తున చెక్కను తడిమారు. తడిమి తడిమి, తలుపు మీద పిడికిలితో కొట్టారు. తరవాత చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

మావయ్య మొహం మాడిపోయింది. పుస్తకం తీసి చూశాడు. నాలుగడుగుల రెండంగుళాలు. గడియ అక్కడే ఉంది. టేపు పెట్టి మళ్ళీ కొలిచాడు. తేడా లేదు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు. అత్తయ్య నాకు ఫోన్ చేసి, “మీ మావయ్య అటక తలుపు పట్టుకుని నిలబడ్డాడే, నాకు భయంగా ఉంది” అంది.

రెండో రోజు పొద్దున ఆయనే నా గుమ్మం ముందు ఉన్నాడు. చెవి వెనక పెన్సిలు చేతిలో ఉంది.

“ఏమే, తొమ్మిదేళ్ళ పిల్లాడు ఎంత ఎత్తుంటాడు?”

“నాలుగడుగులు ఉంటాడేమో.”

“మరి వాడికి ఆ గడియ ఎక్కడుంటుంది?”

ఆ పిల్లాడికి గడియ ఎప్పుడూ నుదుటి పైనే ఉండేది. చెయ్యెత్తి తీసేవాడు. పెద్దాయన చెయ్యి ఇంకా అలాగే పైకి లేస్తోంది.

“పుస్తకంలో రాసింది ఇంటి కొలత. పిల్లాడి కొలత నేనెప్పుడు తీశాను? ఇన్నేళ్ళు పనిచేసి ఏం లాభం!” అని తనను తానే తిట్టుకున్నాడు. కాని కాళ్ళు అప్పటికే మెట్లు దిగుతున్నాయి.

గడియ ఊడదీసి, అయిదడుగుల ఏడంగుళాల దగ్గర బిగించాడు. టేపు చెప్పిన మాట మావయ్య కాదనడం నేను చూసింది ఆ ఒక్కసారే. మధ్యాహ్నం పెద్దాయన లేచారు. నడిచారు. తిరిగారు. చెయ్యెత్తారు. గడియ చేతికి తగిలింది. తీశారు. కర్ర పట్టుకుని ఒకటి, రెండు దిగారు. మూడో మెట్టు దగ్గర, దిగకముందే, “అయ్యో” అన్నారు చిన్నగా. వంటగదిలోకి వెళ్ళి బల్ల ముందు కూర్చున్నారు. కూతురు మంచినీళ్ళ గ్లాసు పెట్టింది. ఆయన ఆమె మొహం చూసి నవ్వారు. ఎన్నో నెలల తరవాత నవ్వారట. ఆమె గోడకు జారగిలబడి నిలబడిపోయింది. మావయ్య సంచీ సర్దుకుంటున్నాడు, ఎవరి వైపూ చూడకుండా.

తరవాత రచయితగారు పద్నాలుగు నెలలు బతికారు. మళ్ళీ పడలేదు. వారానికోసారి మావయ్య వెళ్ళి బందులకు నూనె రాసి, మెట్లు కదులుతున్నాయేమో చూసి వచ్చేవాడు. పెద్దాయన ఆయన్ను గుర్తుపట్టేవారు కాదు. కాని మర్యాద మరిచిపోలేదు. “ఎవరండీ? కూర్చోండి. పిన్ని లోపలుంది, ఇప్పుడే వస్తుంది” అనేవారు.

“పర్వాలేదండి, ఉంటాను” అని మావయ్య కూర్చునేవాడు. ఇద్దరూ అలా అరగంట కూర్చునేవారు. ఒకప్పుడు కిటికీ ఉందా లేదా అని కాట్లాడుకున్న మనుషులు.

ఆయన పోయిన రోజున పత్రికల్లో పేజీలకు పేజీలు వచ్చాయి. నాటకాల పేర్లు, బహుమతుల పేర్లు, ఆయన ఉన్న ఇళ్ళ ఫోటోలు. హాస్టలు ఫోటో కింద క్వార్టరు అని వేశారు. మావయ్య చూసి, “ఇది తప్పు” అన్నాడు. సాయంత్రం దాకా చిత్రిక పడుతూనే ఉన్నాడు, ఏ వస్తువూ చెయ్యకుండా, ఒకటే చెక్కను, అది పలచబడిపోయేదాకా.

కూతురు మాత్రం ఊరుకోలేదు. ఈ సంగతి డాక్టరుకు చెప్పింది. డాక్టరు ఇంకో ఇద్దరికి చెప్పాడు. ఒక రిటైరైన బస్సు డ్రైవరు రోజంతా మంచం అంచున కూర్చుని కాళ్ళు నేలకేసి తన్నుకుంటూ మడమలు పుండ్లు చేసుకుంటున్నాడని వాళ్ళబ్బాయి వచ్చాడు. మావయ్య బస్సు డిపోకు వెళ్ళి పాత బండి పెడళ్ళు కొలుచుకుని వచ్చి, ఏటవాలు చెక్క ఒకటి మంచం ముందు బిగించాడు. ఒక దర్జీ ముసలావిడకు, లేని మిషను కోసం వెతుక్కుంటుంటే, సరైన ఎత్తులో బల్ల చేసి పెట్టాడు. ఆ ఎత్తు చెప్పింది నేనే. ఈసారి బల్ల కన్నా ముందు మనిషిని కొలిచాడు. ఆవిడ కూర్చుంటే మోచెయ్యి ఎక్కడుంటుందో, పాతికేళ్ళ వయసప్పుడు ఎక్కడుండేదో అడిగి మరీ రాసుకున్నాడు.

ఇప్పుడు మావయ్యకు డెబ్భై ఎనిమిది. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. ఎవరైనా పిలిస్తే వెళ్ళొద్దని అత్తయ్య గొడవ. మొన్న ఫోన్ మోగితే ఆవిడే తీసి, “ఆయన ఎక్కడికీ రారండీ, ఒంట్లో బాగోదు” అని చెబుతూనే, అవతలి మనిషి మాటలన్నీ వింది. తరవాత ఫోన్ చేత్తో మూసి మావయ్య వైపు తిరిగింది.

“ఎవరో బళ్ళో గంట కొట్టిన ఆయనట. రోజంతా చెయ్యెత్తి గాల్లో గంట కోసం తడుముకుంటున్నాడట. వాళ్ళావిడ ఫోన్ చేస్తోంది. వెళ్తారా?”

మావయ్య అప్పటికే చెప్పులు వెతుక్కుంటున్నాడు.